యూటీఎఫ్-16 ఫైల్ మార్చాక సగం లైన్లు మాయం, మిగతా సగం చైనా అక్షరాలు. ఎక్కడ తప్పు?

వట్రసుడి
రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. తెలుగు టెక్స్ట్ ఫైల్ ఒకటి ఉంది, 1240 లైన్లు. విండోస్‌లో యూటీఎఫ్-16గా సేవ్ చేసినది (అక్షరాలని బైట్లుగా దాచే ఒక పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్). దాన్ని లినక్స్ సర్వర్ మీదికి తెచ్చి యూటీఎఫ్-8 అనే ఇంకో ఎన్‌కోడింగ్‌కి మార్చాలి. విండోస్ లైన్ చివర రెండు గుర్తులు పెడుతుంది కదా, క్యారేజ్ రిటర్న్ (నంబరు 13), లైన్ ఫీడ్ (నంబరు 10). వాటిలో క్యారేజ్ రిటర్న్ కూడా తీసేయాలి.

నేను చేసింది ఇదీ. ముందు బైట్లు తీసేసే టీఆర్ కమాండ్‌తో 13 అనే బైటు ఎక్కడుంటే అక్కడ తీసేశాను. తర్వాత ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్‌తో యూటీఎఫ్-8కి మార్చాను. ఒక్క ఎర్రర్ రాలేదు. తెరిచి చూస్తే 620 లైన్లే ఉన్నాయి. ప్రతి లైన్లో మొదటి సగం చక్కటి తెలుగు, రెండో సగం చైనా అక్షరాలు, ఏవో పెట్టెలు, గణిత గుర్తులు. అన్ని లైన్లూ అంతే. ఫైల్ పాడై ఉంటే మొత్తం పాడవ్వాలి కదా, ఇలా లెక్కగా సగం సగం పాడవడం ఏమిటి? ఐకాన్వ్‌లో బగ్ ఉందా?

చిట్టిచీమ
ఐకాన్వ్‌లో బగ్ అన్నవాళ్లని చాలామందిని చూశాను. బగ్ మాత్రం ఇంతవరకు చూడలేదు.

గుడ్లగూబ
లైన్ ముగింపులు మార్చే డాస్‌టుయూనిక్స్ కొట్టి పడుకోండి. ఇంత చర్చ అక్కర్లేదు.

నకారపొల్లు
మీరు చేసిన పనులు రెండూ సరైనవే, వరసే తిరగబడింది. యూటీఎఫ్-16లో ప్రతి అక్షరానికీ కనీసం రెండు బైట్లు. లైన్ ముగింపు కూడా అక్షరమే, దానికేమీ మినహాయింపు లేదు. మీ ఫైల్లో లైన్ చివర ఉన్నది 13, 10 కాదు. 13, 0, 10, 0. మీరు 13 తీసేశారు, దాని జత సున్నా మాత్రం అక్కడే ఉండిపోయింది. అక్కడి నుంచి జతలన్నీ ఒక బైటు పక్కకి జరిగాయి. పక్కవాడి చొక్కా గుండీ మన చొక్కాకి పెట్టుకున్నట్టు.

ఇక సగం సగం ఎందుకంటే, రెండో లైన్ చివర ఇంకో 13 పోయింది. అంటే మళ్లీ ఒక బైటు తగ్గి జతలు సరిపోయాయి. మూడో లైన్ బాగుంది, దాని చివర మళ్లీ పట్టాలు తప్పింది. ఒకటి బాగు, ఒకటి పాడు, ఒకటి బాగు.

వట్రసుడి
అర్థమైంది, కానీ లైన్లు సగం అయ్యాయేం? బాగున్న లైన్ ఒకటి, పాడైన లైన్ ఒకటి విడివిడిగా ఉండాలి కదా?

నకారపొల్లు
మొదటి లైన్ చివర మిగిలింది 0, 10, 0. చదివేవాడికి మొదటి జత (0, 10) అయింది. అది లైన్ ఫీడ్ కాదు, యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టికలో) గురుముఖి లిపికి కేటాయించిన పేటలో ఏ అక్షరానికీ ఇవ్వని ఖాళీ నంబరు. లైన్ ముగింపే అలా మాయమైపోయింది కాబట్టి రెండో లైన్ వచ్చి మొదటిదానికి అతుక్కుంది. రెండో లైన్ చివర మాత్రం (10, 0) సరిగ్గా జతపడింది, అక్కడ లైన్ తెగింది. రెండేసి లైన్లు ఒకటయ్యాయి. 1240 కాస్తా 620.

ఇంకోటి. మీ లైన్లు సరిసంఖ్యలో ఉండబట్టి ఎర్రర్ రాలేదు. బేసి సంఖ్య అయ్యుంటే చివర ఒక బైటు ఒంటరిగా మిగిలేది, ఐకాన్వ్ అసంపూర్ణ అక్షరం అని గోల పెట్టేది. రెండు రోజులు మిగిలేవి.

వట్రసుడి
1240 నా ప్రాణానికే వచ్చిందన్నమాట.

కొమ్ముదీర్ఘం
సరదాకి ఆ పాడైన సగాన్ని లెక్కేసి చూశాను, భలే ఉంది. తెలుగు అక్షరాలన్నిటికీ పై బైటు ఒకటే, 12. మీ ఫైల్లో ఉన్న లిటిల్ ఎండియన్ అనే వరసలో కింది బైటు ముందు, 12 తర్వాత వస్తాయి. ఒక బైటు జరిగితే, ముందు అక్షరం తాలూకు 12 వచ్చి తర్వాతి అక్షరంతో జతకడుతుంది. అప్పుడు ర అనేది జపాన్ వాళ్ల మూల కోట్ గుర్తు అవుతుంది. న బ్రెయిలీ చుక్కలు. ద అయితే గ్రహాల సంయోగానికి వాడే ఖగోళ గుర్తు. ప ఏకంగా నాలుగు ఇంటిగ్రల్ గుర్తులు కలిసిన గణిత గుర్తు. వ శ ష స హలు, గుణింతపు గుర్తులు, చివరికి పొల్లు కూడా అన్నీ చైనా అక్షరాల అదనపు పేటలో పడతాయి. మన రాతలో గుణింతాలే ఎక్కువ కాబట్టి చూడగానే చైనా భాషలా కనిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఖాళీ. తెలుగు అక్షరం తర్వాత వచ్చే స్పేస్ ఇలా జరిగితే ఏమవుతుందో తెలుసా? జీరో విడ్త్ నాన్ జాయినర్! పొల్లు విడిగా నిలబెట్టడానికి మనం వాడేదే. కంటికి కనిపించదు, అందుకే పాడైన సగంలో మాటల మధ్య మామూలు ఖాళీలు ఉండవు. చూసుకోండి.

వట్రసుడి
చూశాను. నిజంగానే ఒక్క మామూలు ఖాళీ లేదు! నాలుగు ఇంటిగ్రల్ గుర్తు కూడా దొరికింది, ఒకటి కాదు, డజన్లకొద్దీ.

చిట్టిచీమ
మా లెక్కల మాస్టారు ప అక్షరంలో ఇంత ఉందని ఎప్పుడూ చెప్పలేదు.

అర్ధసున్న
గుడ్లగూబ గారికి: డాస్‌టుయూనిక్స్ మంచి పనిముట్టే, కాదనను. ఫైల్ మొదట్లో బైట్ల వరస చెప్పే బైట్ ఆర్డర్ మార్క్ ఉంటే అది యూటీఎఫ్-16ని గుర్తుపట్టి, లినక్స్‌లో యూటీఎఫ్-8 చేసి మరీ ఇస్తుంది. ఆ గుర్తు లేకపోతే మాత్రం సున్నా బైట్లు చూసి ఇది బైనరీ ఫైల్ అని వదిలేస్తుంది. వదిలేశానని ఒక లైన్ చెబుతుంది కూడా, ఎవరు చదువుతారు? యూఎల్ అనే ఆప్షన్ ఇస్తే లిటిల్ ఎండియన్ అనుకుని పని చేస్తుంది. కొట్టి పడుకోవడం కాదు, ఏం చెప్పిందో చదివి పడుకోవాలి.

గుడ్లగూబ
సరే, చదివే పడుకుంటా. అసలు నా బాధ వేరు. ఐకాన్వ్ ఎన్‌కోడింగ్ మారుస్తానంటుంది కదా, లైన్ ముగింపులు కూడా తనే మార్చొచ్చు కదా? విండోస్ ఫైల్ లినక్స్‌కి వచ్చినప్పుడు వందలో తొంభైసార్లు రెండూ కావాలి. ఒకే మనిషికి రెండు ఆఫీసులు తిప్పడం ఎందుకు?

నకారపొల్లు
రెండూ వేర్వేరు ప్రశ్నలు కాబట్టి. ఏ అంకె ఏ అక్షరం అనేది ఎన్‌కోడింగ్. లైన్ ఎక్కడ అయిపోయిందని ఏ అక్షరం చెబుతుంది అనేది ఆచారం. యూటీఎఫ్-8లో విండోస్ ముగింపు ఉండొచ్చు, యూటీఎఫ్-16లో యూనిక్స్ ముగింపు ఉండొచ్చు. విమ్ ఎడిటర్ వాడేవాళ్లకి తెలుసు, ఫైల్‌ఎన్‌కోడింగ్ ఒక సెట్టింగ్, ఫైల్‌ఫార్మాట్ ఇంకో సెట్టింగ్. ఐకాన్వ్‌కి 13 కూడా ఒక అక్షరమే, అటు ఇచ్చింది ఇటు చేరుస్తుంది. నాకు తెలియకుండా అది నా అక్షరాలు తీసేస్తే దాన్ని ఇంకెప్పుడూ నమ్మను.

గుడ్లగూబ
నమ్మకం సంగతి తర్వాత, వాడేవాడి సంగతి చూడాలి. వట్రసుడి గారు రెండు రోజులు పోగొట్టుకున్నది ఈ విడివిడి పద్ధతి వల్లే. ఆప్షన్ పెట్టండి అంటున్నాను, తప్పనిసరి చేయమనట్లేదు.

రాత్రిబండి
ఆప్షన్‌గా ఉంటే నాకూ అభ్యంతరం లేదు. తనంతట తనే చేస్తే మాత్రం ఒద్దు. సంతకం చేసిన టెక్స్ట్ ఫైళ్లతో నాకు పని. ఒక్క 13 ఎగిరిపోయినా ఫైల్‌కి వేలిముద్ర లాంటి హ్యాష్ మారిపోతుంది. ఒకసారి దారిలో ఎవరో "శుభ్రం" చేసి పంపారు. ఫైల్‌ని ఎవరో మార్చేశారని అనుమానం పెట్టుకుని ఒక రాత్రంతా వెతికాం. తీరా చూస్తే అక్షరాలన్నీ అవే, లైన్ ముగింపులు మాత్రం వేరు.

సున్నాఒకటి
నకారపొల్లు చెప్పిన వరస సమస్యకి విండోస్ వైపు నుంచి నా కథ. సీ భాషలో రాసిన ప్రోగ్రామ్, ఒక్కో ఫైల్లో ఒక్కో మనిషి పేరు యూటీఎఫ్-16లో రాసేది. ఒక్క పేరే, లైన్ ముగింపు కూడా లేదు. వందల పేర్లు బాగానే ఉండేవి. ఊర్మిళ, ఊహ మాత్రం ఎప్పుడూ పాడే! మనిషిని మార్చినా, కంప్యూటర్ మార్చినా అంతే. వారం రోజులు ఫాంట్‌ని తిట్టాం.

కారణం ఊ అక్షరమే. యూనికోడ్‌లో దాని నంబరు 3082. రెండు బైట్లుగా విడగొడితే 12, 10. ఆ పది! ప్రోగ్రామ్ ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో తెరిచింది. విండోస్ రన్‌టైమ్ 10 కనిపించగానే, ఓహో లైన్ అయిపోయింది అనుకుని దాని ముందు 13 చేర్చేది. దానికి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. అక్కడి నుంచి వట్రసుడి గారి కథే. బైనరీ మోడ్‌లో తెరిచాక ఊర్మిళ గారు కోలుకున్నారు.

వట్రసుడి
ఆగండి, అలాగైతే నేను 13లు తీసేసినప్పుడు ఏ తెలుగు అక్షరమైనా పోయుండొచ్చా?

కొమ్ముదీర్ఘం
పోదు. పై బైటు 12, కింది బైటు 13 అయ్యే స్థానం మన పేటలో ఖాళీ. ఌకి, ఎకి మధ్యన ఉన్న గుంత అది. ఊకి పట్టిన దురదృష్టం ఎకి పట్టలేదు.

సున్నాఒకటి
అదే ప్రోగ్రామ్ చదివేటప్పుడు ఇంకో వింత. విండోస్ టెక్స్ట్ మోడ్‌లో 26 అనే బైటు వస్తే ఫైల్ అయిపోయినట్టే లెక్క, కంట్రోల్ జెడ్ అంటారు, డాస్ రోజుల అలవాటు. మరి 26 కింది బైటుగా ఉన్న తెలుగు అక్షరం ఏది? చ. పేరులో చ వచ్చిందంటే అక్కడితో ఫైల్ ఖతం.

చిట్టిచీమ
చ!

తలకట్టు
@చిట్టిచీమ ఇలాంటి జోకులకి వేరే చర్చా దారం ఉంది.

మెయిన్‌ఫ్రేమ్ మామయ్య
మీరంతా 13, 10ల గురించే మాట్లాడుతున్నారు. మా లోకంలోకి రండి ఒకసారి. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లు వాడే ఎబ్‌సిడిక్ ఎన్‌కోడింగ్‌లో న్యూలైన్ అని విడిగా ఒక అక్షరం ఉంది, 21. లైన్ ఫీడ్ ఇంకోటి, 37. యూనికోడ్‌కి తెచ్చేటప్పుడు 37ని మామూలు లైన్ ఫీడ్‌కి, 21ని 133వ స్థానంలో ఉన్న నెక్స్ట్ లైన్ అనే అక్షరానికి చేర్చడం ఒక పద్ధతి. కానీ మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే యూనిక్స్ వాతావరణంలో లైన్ చివర వచ్చేది 21. దాన్ని 133 చేస్తే లినక్స్ వైపు చాలా ప్రోగ్రాములు లైన్ తెగిందని ఒప్పుకోవు. ఫైల్ మొత్తం ఒకే పొడుగాటి లైన్. అందుకే ఆ రెండిటినీ అటూ ఇటూ మార్చి చదివే పట్టికలు కూడా ఉంటాయి. ఐసీయూ లైబ్రరీలో అయితే కన్వర్టర్ పేరు చివర స్వాప్‌ఎల్‌ఎఫ్‌ఎన్‌ఎల్ అని తగిలిస్తే సరి.

కొత్తగా చేరిన కుర్రాళ్లు నన్నడిగే మొదటి ప్రశ్న, "సార్, లైన్లు ఎక్కడికి పోయాయి?" నా జవాబు, "ఎక్కడికీ పోలేదు బాబూ, పేరు మార్చుకున్నాయి."

రాత్రిబండి
మామయ్యా, మీ దగ్గర చాలా ఫైళ్లలో అసలు లైన్ ముగింపే ఉండదని విన్నాను?

మెయిన్‌ఫ్రేమ్ మామయ్య
నిజమే. 80 బైట్లకి ఒక రికార్డు. పొడవే హద్దు, గుర్తు అక్కర్లేదు. అలాంటివి మార్చేటప్పుడు డీడీ కమాండ్‌కి రికార్డు పొడవు చెప్పాలి, అది రికార్డు చివర ఖాళీలు కోసి లైన్ ఫీడ్ పెడుతుంది. కానీ రికార్డులో ప్యాక్డ్ డెసిమల్ అంకెలుంటే (ఒక్కో బైటులో రెండేసి అంకెలు కుక్కినవి) చేయి పెట్టకండి. ఆ బైట్లు అక్షరాలు కావు. వాటిలో 21, 37, 13 ఏవైనా ఉండొచ్చు. ఎవరి జమ మొత్తం మధ్యలోనో లైన్ తెగుతుంది.

అర్ధసున్న
ఆ 133 గురించి నేనూ ఒకటి చెప్పాలి, మెయిన్‌ఫ్రేమ్ లేకుండానే దెబ్బ తిన్నాను. విండోస్-1252 ఎన్‌కోడింగ్‌లో 133 అంటే మూడు చుక్కలు, వాక్యం సాగదీసేటప్పుడు పెట్టేవి. అదే బైటుని లాటిన్-1 అనే ఇంకో ఎన్‌కోడింగ్ అనుకుని చదివితే మామయ్య గారి నెక్స్ట్ లైన్ అవుతుంది. పాత ఇంగ్లిష్ ఫైల్‌ని లాటిన్-1 అని చెప్పి మార్చాను. ఎక్కడ రచయిత "ఆగి..." అన్నాడో అక్కడల్లా పైథాన్ లైన్ తెంపింది. ఒక్కో సంభాషణ మూడు ముక్కలు.

వట్రసుడి
నా ఫైల్లో లాటిన్-1 ఏమీ లేదు కాబట్టి అది తప్పించుకున్నట్టే.

కొమ్ముదీర్ఘం
అంత ధైర్యం వద్దు. యూటీఎఫ్-8లో అ రాస్తే వచ్చే మూడు బైట్లు 224, 176, 133. చూడండి మూడోది ఏదో!

వట్రసుడి
అయ్యబాబోయ్.

కొమ్ముదీర్ఘం
కంగారు పడకండి, యూటీఎఫ్-8ని యూటీఎఫ్-8గా చదివినంతకాలం ఏమీ కాదు. కొంతమందికి ఒక అలవాటు ఉంది. ఎన్‌కోడింగ్ ఏమిటో తెలియనప్పుడు లాటిన్-1 అని చదివేస్తారు. అందులో 256 బైట్లకీ అర్థం ఉంది కాబట్టి ఎర్రర్ రాదు. తిరిగి రాసేటప్పుడు మళ్లీ లాటిన్-1 అని రాస్తే బైట్లు యథాతథంగా వచ్చేస్తాయని నమ్మకం. నమ్మకం సరైనదే, మధ్యలో లైన్లుగా విడగొట్టే పైథాన్ ఫంక్షన్ స్ప్లిట్‌లైన్స్ పిలవనంతవరకు. అది 133 దగ్గర లైన్ తెంపుతుంది. తిరిగి అతికేటప్పుడు 133 బదులు 10 పడుతుంది. ఫలితం: ఫైల్లో ఉన్న ప్రతి అ చచ్చిపోయి దాని చోట ఒక కొత్త లైన్. అమ్మ కాస్తా "మ్మ" అవుతుంది, ముందు రెండు పనికిరాని బైట్లతో.

లైన్ చివర ఠ ఉన్నా ఇదే గండం. దాని మూడో బైటు 160, లాటిన్-1లో అది విరగని ఖాళీ. చివరి ఖాళీలు తీసే స్ట్రిప్ అంటే పైథాన్ దాన్ని కూడా ఖాళీయే అనుకుని ఊడ్చేస్తుంది. నీలకంఠ అని ముగిసే లైన్ ఉంటే ఆయన కంఠం సగమే మిగులుతుంది.

పాతలిపి
ఈ గొడవలన్నీ యూనికోడ్ వచ్చాకే అనుకోకండి. 1991 నాటి ఇస్కీ (భారతీయ లిపుల పాత ఎన్‌కోడింగ్) ఫైళ్లు మార్చిన అనుభవంతో చెబుతున్నాను. ఇస్కీలో తెలుగు, హిందీ, బెంగాలీ అన్నిటికీ ఒకే అంకెలు. ఏ లిపి అనేది మధ్యలో ప్రత్యేక బైట్లు పెట్టి చెప్పాలి. ఆ మాట లైన్ చివరి వరకే చెల్లుతుంది. లైన్ దాటగానే మొదటి లిపికి వెనక్కి! అంటే అక్కడ లైన్ ముగింపుకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. నేను తెలివిగా ముందు లైన్లన్నీ కలిపేసి, పేరాలు చేసి, అప్పుడు యూనికోడ్‌కి మార్చాను. ఒక హిందీ మాట తర్వాత పేరా మొత్తం దేవనాగరిలో వచ్చింది. తెలుగు వాక్యాలే, చదివితే తెలుగే వినపడుతుంది, లిపి మాత్రం దేవనాగరి.

చిట్టిచీమ
జాతీయ సమైక్యత.

నకారపొల్లు
పాతలిపి గారి ఉదాహరణ చాలా మంచిది. మెయిల్‌లో వాడే జపాన్ ఎన్‌కోడింగ్ ఐఎస్ఓ-2022-జేపీలోనూ ఇలాంటిదే ఉంది, లైన్ అయ్యేలోపు ఆస్కీకి (మామూలు ఇంగ్లిష్ అక్షరాల పట్టికకి) తిరిగి రావాలి. వీటిలో లైన్ ముగింపుని ముందే మారిస్తే లైన్లతోపాటు అక్షరాలు కూడా పోతాయి. అందుకే ఎప్పుడైనా వరస ఒకటే: బైట్లని అక్షరాలు చెయ్యి, అక్షరాలుగా ఉన్నప్పుడు లైన్ ముగింపులు చూసుకో, తర్వాతే మళ్లీ బైట్లు చెయ్యి.

గుడ్లగూబ
యూటీఎఫ్-8కి ఇంత భయం ఎందుకు? దాన్ని బైట్లుగానే మార్చినా ఏమీ కాదు. నేను పదేళ్లుగా టీఆర్‌తోనే 13లు తీసేస్తున్నాను.

నకారపొల్లు
యూటీఎఫ్-8 వరకు మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అందులో ఆస్కీ కాని అక్షరాల బైట్లన్నీ 128 లేదా ఆపైనే. 13, 10 కనిపించాయంటే అవి అవే, ఇంకో అక్షరంలో ముక్క అయ్యే అవకాశమే లేదు. కాబట్టి వట్రసుడి గారు ముందు ఐకాన్వ్, తర్వాత టీఆర్ అని అవే రెండు కమాండ్లు తిరగేసి కొట్టి ఉంటే ఈ దారమే ఉండేది కాదు.

తలకట్టు
మెయిల్ నియమాలు రాసినవాళ్లు కూడా దీనికి భయపడ్డారు. మెయిల్‌లో టెక్స్ట్ అంటే లైన్ చివర 13, 10 బైట్లే ఉండాలి. యూటీఎఫ్-16 ఆ షరతుకి లొంగదు కాబట్టి టెక్స్ట్ రకాలకి దాన్ని వాడొద్దని 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2781 అనే ఇంటర్నెట్ పత్రంలో ఉంది.

రాత్రిబండి
ఫైళ్ల మార్పులన్నీ దాచిపెట్టే గిట్ సంగతి కూడా రాసేస్తా, ఎవరికైనా పనికొస్తుంది. యూటీఎఫ్-16 ఫైల్లో సున్నా బైట్లు ఉంటాయి కాబట్టి గిట్ దాన్ని బైనరీ అనుకుని లైన్ ముగింపులు ముట్టుకోదు, అదృష్టం. డిఫ్ (ఏం మారిందో చూపే తేడా) కనపడట్లేదని మా వాడొకడు గిట్ఆట్రిబ్యూట్స్‌లో "ఇది టెక్స్టే" అని బలవంతంగా రాశాడు. విండోస్‌లో చెకౌట్ చేసినప్పుడల్లా 10 ముందు 13 చేరింది. సున్నాఒకటి గారి ఊర్మిళ ఇక్కడా ప్రత్యక్షం. దీనికి సరైన మందు వర్కింగ్ ట్రీ ఎన్‌కోడింగ్ అనే ఆట్రిబ్యూట్. 2018లో గిట్ 2.18తో వచ్చింది. రిపాజిటరీలో యూటీఎఫ్-8, మీ డిస్క్ మీద యూటీఎఫ్-16.

బుడిబుడి
అసలు రెండు గుర్తులు ఎందుకు పెట్టారు? ఒకటి సరిపోదా? తెలియక అడుగుతున్నా.

మెయిన్‌ఫ్రేమ్ మామయ్య
టెలిటైప్ యంత్రంలో అవి రెండు వేర్వేరు కదలికలు. క్యారేజ్ రిటర్న్ అంటే అచ్చు తల ఎడమ చివరికి పోవడం, లైన్ ఫీడ్ అంటే కాగితం ఒక వరస పైకి జరగడం. యూనిక్స్‌కి ముందున్న మల్టిక్స్ వాళ్లు ఫైల్లో ఒక్క లైన్ ఫీడ్ చాలు, యంత్రానికి కావాల్సింది పంపేటప్పుడు చూసుకుందాం అన్నారు. యూనిక్స్ అదే పట్టుకుంది. సీపీఎమ్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రెండూ ఉంచింది, దాన్నుంచి డాస్, దాన్నుంచి విండోస్. పాత మ్యాక్ ఒక్క క్యారేజ్ రిటర్న్ వాడేది, ఓఎస్ టెన్ వచ్చాక యూనిక్స్ దారి పట్టింది. విండోస్ నోట్‌ప్యాడ్‌కి ఒంటరి లైన్ ఫీడ్ అర్థమైంది 2018లోనే. అంతవరకు మనం పంపిన ఫైళ్లు అందులో ఒకే లైన్‌గా కనిపించేవి.

వట్రసుడి
మొత్తానికి అసలు ఫైల్ మళ్లీ తెచ్చి, ముందు ఐకాన్వ్, తర్వాత టీఆర్ నడిపాను. లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ కొడితే 1240. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో తలనొప్పి. అదే ఫైల్ పైథాన్‌లో చదివి స్ప్లిట్‌లైన్స్ చేస్తే 1257 వస్తున్నాయి. యూటీఎఫ్-8 అని చెప్పే తెరిచాను, లాటిన్-1 కాదు, ఒట్టు. ఈ 17 ఎక్కడివి?

కొమ్ముదీర్ఘం
డబ్ల్యూసీ లెక్కపెట్టేది 10లని మాత్రమే. స్ప్లిట్‌లైన్స్ దృష్టిలో లైన్ తెంపేవి చాలా ఉన్నాయి: 10, 13, వర్టికల్ ట్యాబ్ 11, ఫామ్ ఫీడ్ 12, 28 నుంచి 30 దాకా ఉన్న విభజన గుర్తులు, మన 133, యూనికోడ్ విడిగా పెట్టిన లైన్ సెపరేటర్ 8232, పేరాగ్రాఫ్ సెపరేటర్ 8233. అదే పైథాన్‌లో ఫైల్‌ని ఫర్ లూప్‌లో లైన్ లైన్‌గా చదివితే 10, 13, రెండూ కలిసినది, ఇవే లెక్క. ఒకే భాషలో రెండు లెక్కలు. మీ 17 ఏవో విడిగా వెతికి చూడండి. ఫైల్ ఎక్కడి నుంచి పుట్టింది?

వట్రసుడి
వర్డ్ డాక్యుమెంట్ల నుంచి. మ్యాక్రో రాసి టెక్స్ట్ బయటికి తీశారట.

అర్ధసున్న
అయితే 11 అయ్యుంటుంది. వర్డ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే పేరా తెగదు, లైన్ మాత్రమే కిందికి దిగుతుంది. లోపల అది దాచుకునేది వర్టికల్ ట్యాబ్. మ్యాక్రోతో తీస్తే అలాగే బయటికి వస్తుంది.

వట్రసుడి
17కి 17 అవే! అన్నీ శీర్షికల్లో ఉన్నాయి. పొడుగు శీర్షికని రెండు వరసలు చేయడానికి షిఫ్ట్ ఎంటర్ కొట్టారు. వీటిని 10 చేసేయనా?

గుడ్లగూబ
చేసేయండి. లైన్ తెగినట్టే కదా కనిపించింది.

పాతలిపి
వద్దు. 10 చేస్తే శీర్షిక రెండో ముక్క విడి పేరా అయిపోతుంది. రాసినవాడి ఉద్దేశం అది కాదు. పద్యాలైతే పాదాలు విరగాలి కాబట్టి 10 చేయొచ్చు. శీర్షికలైతే ఖాళీ పెట్టండి.

గుడ్లగూబ
రాసినవాడి ఉద్దేశం మీకెలా తెలుసు?

పాతలిపి
17 చోట్లా శీర్షికలే అని ఆయనే చెప్పారు. తెలియకపోతే ఫైల్ తెరిచి చూడడమే, 17 అంటే చదవలేనన్ని కావు కదా.

రాత్రిబండి
ఒకవేళ 8232 దొరికితే మాత్రం ఇంకొంచెం జాగ్రత్త. డేటా పంపడానికి వాడే జేసన్‌లో కొటేషన్ లోపల అది నేరుగా ఉండొచ్చు, జావాస్క్రిప్ట్‌లో మాత్రం 2019 ప్రమాణం వచ్చేదాకా నిషిద్ధం. జేసన్‌ని యథాతథంగా స్క్రిప్ట్‌లో అతికించిన పేజీలు ఈ ఒక్క కనపడని అక్షరంతో కూలిపోయేవి.

తలకట్టు
ఎక్స్ఎమ్ఎల్ చేసేవాళ్లకి: 1.0లో 13-10 జత, ఒంటరి 13 రెండూ చదివేటప్పుడు 10 అయిపోతాయి. 133, 8232 కూడా 10 అయ్యేది 1.1లో, 2004లో. మామయ్య గారి యంత్రాల కోసమే అది.

మెయిన్‌ఫ్రేమ్ మామయ్య
చేశారు గానీ, ఆ 1.1ని వాడేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బుడిబుడి
నా లాంటి వాళ్లకి పైథాన్‌లో సరైన పద్ధతి ఎవరైనా ఒక్క ముక్కలో చెబుతారా?

నకారపొల్లు
ఓపెన్‌కి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 అని చెప్పి టెక్స్ట్‌గా చదవండి, 13-10 జతలని అదే 10 చేసి ఇస్తుంది. రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, న్యూలైన్ అనే ఆర్గ్యుమెంట్‌కి బ్యాక్‌స్లాష్ ఎన్ (అంటే ఒంటరి 10) ఇవ్వండి. లేకపోతే విండోస్‌లో నడిపిన రోజున 13 మళ్లీ చేరుతుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) అయితే న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి సీఎస్‌వీ మాడ్యూల్‌కే వదిలేయండి. ఎక్సెల్ గడి లోపల ఆల్ట్ ఎంటర్ కొడితే వచ్చేది ఒంటరి 10, వరస చివర వచ్చేది 13-10. రెండూ ఒకటే అనుకుని మార్చేస్తే ఆ తేడా మళ్లీ తెలుసుకోలేరు.

వట్రసుడి
17 చోట్లా ఖాళీ పెట్టాను. ఇప్పుడు డబ్ల్యూసీ 1240, స్ప్లిట్‌లైన్స్ 1240. ఊ ఉన్న మాటలు 46, చేత్తో తిరగేసి చూశాను, అన్నీ క్షేమం. పాడైన పాత ఫైల్ మాత్రం తీసేయలేదు, ఆ నాలుగు ఇంటిగ్రల్స్ చూపించడానికి ఉంచుకుంటున్నాను.

సున్నాఒకటి
చ కూడా చూసుకున్నారా?

వట్రసుడి
లినక్స్ అండీ బాబూ. చూసుకున్నాను.